గంప దించాక కాలు మెట్టు మీద

పోయిన నెల మా ఆడపడుచు కూతురి పెళ్లిలో, నొప్పి పెడుతున్న నా మోకాలికి ఒక కుర్చీ, నాకు ఒక కుర్చీ సంపాదించుకుని ముందు వరసలో కూర్చున్నాను. పుదుచ్చేరి కల్యాణమండపాల్లో ఫ్యాన్లు ఎందుకో ఎప్పుడూ అవతలి పక్షం వాళ్ల మీదికే తిరుగుతాయి, కాబట్టి ఒక చేత్తో విసురుకుంటూ, ఇంకో చేత్తో మోకాలు రుద్దుకుంటూ చూస్తున్నాను. మేనమామ హోదాలో మా మరిది పెళ్లికూతుర్ని వెదురు గంపలో ఎత్తుకొచ్చి వేదిక మీద దించాడు. దించినవాడు పక్కకు తప్పుకోలేదు. ఒక్క మెట్టు దిగి, వెనక్కి తిరిగి, కుడి మడమను మెట్టు మీద ఆనించి, మోకాలు వంచకుండా నడుం దగ్గరినుంచి ముందుకు వంగి, "హూ..." అని పొడుగ్గా ఊపిరి వదిలాడు. అయ్యవారు మంత్రం ఆపి భక్తిగా నిలబడ్డారు. వీడియో అతను, "సార్, లైటు సరిగ్గా పడలేదు, ఇంకోసారి" అన్నాడు. మరిది ఎడమకాలు కూడా పెట్టాడు. నా పక్కన కూర్చున్న పెళ్లికొడుకు తరఫు అమ్మాయి ఫోను దించి, "ఆంటీ, దీనికి అర్థం ఏంటి?" అని అడిగింది.

చిక్కేమిటంటే, దాని అర్థం నాకు తెలుసు. ఆ మండపంలో ఉన్న అంతమందిలోనూ అది తెలిసినవాళ్లు బహుశా ఇద్దరమే. ఇంకో చిక్కేమిటంటే, మా కుటుంబంలో నాకొక పేరుంది. నేను చెప్పినదాంట్లో సగం తీసేసి, మిగిలినదాన్ని జల్లించి, అప్పుడు కూడా ఇంకెవరినైనా అడిగి నమ్మాలని మా ఆయన కొత్తగా వచ్చిన చుట్టాలకు ముందే చెప్పిపెడతాడు. మా వంశంలో ఒక మేనమామ వరదలో ఉన్న ఏటిని పెళ్లికూతురి గంప నెత్తిన పెట్టుకుని దాటాడనీ, అవతలి ఒడ్డుకు చేరేసరికి గంపలో పెళ్లికూతురితోపాటు ఒక వాలుగ చేప కూడా ఉందనీ చెప్పింది నేనే. అందులో ఏరు ఒక్కటే నిజం. కాని ఇప్పుడు చెప్పబోయేది మొత్తం నిజం. అందుకే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. అబద్ధానికైతే నాకు మొదలూ చివరా ముందే తెలుస్తాయి.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులు. సెల్‌ఫోను ఉన్నవాళ్లు దాన్ని జేబులో పెట్టుకోకుండా, నలుగురికీ కనిపించేలా చేత్తో పట్టుకుని తిరిగే కాలం. మా ఇల్లు నటేశన్ నగర్‌లో, మామ ఇల్లు పక్క వీధిలో. మామ అంటే మా అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. మేమంతా ఎన్ని తరాల కిందటో ఇక్కడికి వచ్చి నిలిచిపోయిన తెలుగువాళ్లం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఆఫీసులో ఎవరికి చేతనైన ఇంగ్లీషు వాళ్లది. మామకు తెలుగు మాట్లాడడమే గాని చదవడం రాదు. మా ఇళ్లల్లో చాలామందికి రాదు. దారిలో అక్షరాలు ఎక్కడ పోగొట్టుకున్నారో తెలియదు గాని, పెళ్లికూతుర్ని మేనమామ ఎత్తుకొచ్చే గంపను మాత్రం పోగొట్టుకోలేదు. మావాళ్ల పద్ధతిలో, గది గడప దాటేవరకు ఆ గంప మీద ఇంకొకరి చెయ్యి పడకూడదు. మేనమామ ఒక్కడే ఎత్తాలి, ఒక్కడే దాటించాలి. గడప దాటాక వరసైనవాళ్లు తలా ఒక చెయ్యి వెయ్యవచ్చు. నాకు పెళ్లి కుదిరింది. నాకున్నది ఒక్క మామ. ఆ మామకు ఉన్నవి రెండు నొప్పులు, ఒకటి కుడి మోకాట్లో, ఒకటి నడుం కింద.

మామ ఊరి శివార్లలోని మేట్టుపాళయంలో ఒక గోడౌన్‌కి సూపర్‌వైజర్. పొద్దున సగం స్టూలు మీద కూలబడి సరుకు లెక్క చూడడం, మధ్యాహ్నం సగం "మీకు చేతకాదు, జరగండ్రా" అని కూలీలను తోసి మూటలు తనే ఎత్తడం, ఇదీ ఆయన ఉద్యోగం. సాయంత్రం మోపెడ్ దిగేటప్పుడు ఆయన మోకాలు చేసే 'టక్' శబ్దం విని అత్త పొయ్యి మీద కాఫీ పెట్టేది. నొప్పి గురించి తెలిసినవాళ్లంతా తలొక దారి చూపించారు. ఎముకల డాక్టరు, కదలకుండా పడుకోమన్నాడు. పక్కింటామె మేకకాళ్ల సూపు తాగమంది, కాళ్లకు కాళ్లే మందట. మామ ఒక మందకు సరిపడా కాళ్లు తాగినా సొంత కాళ్లలో ఏ మార్పూ రాలేదు. మా నాన్న మాత్రం నెమ్మదిగా, "వరసకు ఇంకో మామ ఉన్నాడు గదా, మీ చిన్నాయన కొడుకు. బలంగా ఉంటాడు. ఈసారికి వాడు..." అని ఒకరోజు మా ఇంటి వసారాలో మాట ఎత్తాడు. మామ చేతిలో కాఫీ గ్లాసు కింద పెట్టాడు.

"నేను సచ్చినాక ఎత్తించుకో బావా వానిచేత. నేనుండంగా నా పాపని ఇంకొకడు ఎత్తితే, నేనెందుకు మామనని ఊర్లో తిరగేది?"

"అట్ల కాదురా. నడిమధ్యలో నువ్వు కూలబడితే? పెండ్లికొడుకు వాళ్ల ముందర..." అంది అమ్మ.

"కూలబడను."

"సెరి. కూలబడవు. మరి లేసి నిలబడు, చూస్తాము" అంది అత్త. మామ లేవడానికి కుర్చీ చేతులు పట్టుకున్నాడు, ఆగాడు, ఆపైన మోకాలు టక్‌మంది. చిన్నప్పుడు మాసిమగం నాడు దేవుళ్లంతా సముద్రస్నానానికి వచ్చేచోట, ఆ జనంలో, నన్ను భుజాల మీద ఎక్కించుకుని అలల్లోకి నడిచినవాడు ఆయన. ఆ భుజాల మీదినుంచి చూస్తే సోలై నగర్ జాలర్ల పడవలన్నీ నాకంటే కిందే ఉండేవి. ఆ మనిషి కుర్చీ చేతుల ఆసరాతో లేస్తుంటే నేను వంటింట్లోకి వెళ్లిపోయాను. అక్కడ ఇంకో దుఃఖం. ఆ రోజునుంచి నా పళ్లెంలో ఇడ్లీలు తగ్గాయి. మోసేవాడి నొప్పి తగ్గనప్పుడు బరువైనా తగ్గాలి కదా అని అమ్మ లెక్క. ఇంట్లో ప్రతి ఒక్కరూ నేను నోరు తెరిచినప్పుడల్లా మామ నడుం వైపు చూసేవాళ్లు. ఈ సంగతి తెలిసి మామ కుంటుకుంటూ వచ్చి, నా పళ్లెంలో నెయ్యి పోసి, "నా నడుముకోసం దీని కడుపు మాడ్చేది ఏంది అక్కా? నువ్వు తిను పాపా" అన్నాడు. నేను విధేయురాలిని. తిన్నాను.

అప్పుడు ఎవరో చెప్తే మామ ఒక ఫిజియోథెరపీ అమ్మాయి దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టాడు. తోడుగా నేను వెళ్లేదాన్ని, ఎందుకంటే ఆ పెళ్లిలో రెండో బాధితురాలిని నేనే. తమిళమ్మాయి, నాకంటే రెండు మూడేళ్లు పెద్దదేమో. ఒక మేడ మీద చిన్న గది, ఒక బల్ల, గోడకు ఒక నిలువుటద్దం, మూలన బుట్టలో టెన్నిస్ బంతులు. మా అయోమయం అసలు అక్కడే మొదలైంది. మోకాలు నొప్పి అని మామ చెప్తే ఆ అమ్మాయి మోకాలు ముట్టుకోలేదు. తొడ పక్కభాగాన్ని తుంటి నుంచి కిందికి బొటనవేళ్లతో నొక్కుకుంటూ వచ్చింది, మామ పెట్టిన కేకకు కింద వీధిలో ఇడియాప్పం అమ్మేవాడు సైకిలు ఆపాడు. సరే, నడుం నొప్పి అని చెప్తే నడుం ముట్టుకోలేదు. వెల్లకిలా పడుకోబెట్టి ముందువైపు, తొడ మొదట్లో వేళ్లు దించింది. రోజంతా స్టూలు మీద కూర్చుని కూర్చుని ఇక్కడి కండ పొట్టిదైపోయిందనీ, లేచి నిలబడితే అది నడుమును ముందుకు లాగుతోందనీ, పిక్కలూ తొడలూ బిగుసుకుపోయి ఆ భారమంతా మోకాలి మీద పడుతోందనీ ఆమె చెప్పింది. ఏడ్చేది ఒకడు, గిల్లేది ఇంకొకడు అన్నమాట అని నేను అర్థం చేసుకున్నాను. మామకు అంత కూడా అర్థం కాలేదు. ఆయన వచ్చే దారంతా, "యాడ నొస్తే ఆడ పిసకాల గదా పాపా? ఈ డాక్టర్ పాప నేను చెప్పిన చోటు వదిలేసి ఊరంతా తిరగతా ఉండాది" అని గొణుగుతూ నడిచాడు. చెప్పొద్దూ, వెళ్లినప్పటికంటే కాస్త తిన్నగా నడుస్తూ గొణిగాడు.

ఆమె నేర్పినవి వేళ్లమీద లెక్కపెట్టగలిగినన్నే. ఒక మోకాలు దిండు మీద ఆనించి, ఇంకో పాదం ముందుకు వేసి, తుంటిని ముందుకు జరపడం ఒకటి. గోడకు చేతులు ఆనించి పిక్కను సాగదీయడం ఒకటి. గోడకూ పిరుదుకూ మధ్య టెన్నిస్ బంతి పెట్టుకుని దాని మీద ఒరిగి నెమ్మదిగా దొర్లడం ఒకటి. మడమను ఎత్తైనచోట పెట్టి, మోకాలు వంచకుండా, వీపు తిన్నగా ఉంచి ముందుకు వంగడం ఒకటి. అన్నింటికీ ఒకటే షరతు, ఊపిరి బిగబట్టకూడదు. మామ పుట్టుకతో ఊపిరి బిగబట్టే మనిషి. మూట ఎత్తినా, సంతకం పెట్టినా, చేప ముల్లు తీసినా బిగబట్టేవాడు. "మూచ్చు విడుంగ సార్" అని ఆ అమ్మాయి చెప్పి చెప్పి అలిసిపోయేది. ఊపిరి వదలండి సార్ అని ఒక మనిషికి ఇంకో మనిషి అన్నిసార్లు గుర్తుచేయాల్సి రావడం నేను అప్పుడే చూశాను.

ఇంట్లో ఈ కసరత్తులు వేరే కథలు పుట్టించాయి. వాకిట్లో మామ ఒక మోకాలి మీద వంగి, అత్త ఎదురుగా బియ్యం ఏరుకుంటూ ఉండగా చూసిన పక్కింటామె, పాపం ఏం తప్పు చేశాడో, భార్య కాళ్లు పట్టుకుంటున్నాడని వీధి చివరిదాకా చేరవేసింది. అత్త ఆ పుకారును ఖండించలేదు. "పడుండనీ. ఇన్నేండ్లకి పట్టుకున్నాడు" అంది. గోడకు బంతి పెట్టుకుని ఎలుగుబంటిలా దొర్లుతుంటే సున్నమంతా ఆయన లుంగీకి అంటేది. అయినా కొన్ని వారాలకు మోపెడ్ దిగేటప్పుడు టక్ శబ్దం తగ్గింది. కాఫీ ఎప్పుడు పెట్టాలో తెలియక అత్త తికమకపడింది.

అసలు తికమక ఆ తర్వాత వచ్చింది. కుడి మోకాలు బాగా తేలికపడిందని మామ గర్వంగా చెప్తే, ఇంట్లో ఎలా చేస్తున్నారో చూపించమని ఫిజియో అమ్మాయి అడిగింది. మామ మడమ స్టూలు మీద పెట్టి వంగాడు. ఎడమ మడమ. ఆ అమ్మాయి నా వైపు చూసింది. నేను మామ వైపు చూశాను. మొదటిరోజు ఆమె ఎదురుగా నిలబడి తన కుడికాలుతో చేసి చూపించింది. మామ అద్దంలో చూసినట్టు, ఆమె కాలు ఏ పక్కన ఉంటే తన కాలు ఆ పక్కదే కదిపాడు. నొప్పి కుడిది, ఇన్ని వారాలుగా సాగదీసింది ఎడమది. మరి కుడిది ఎందుకు తగ్గినట్టు? ఆమె నొక్కిన నొక్కులకా? స్టూలు వదిలి అప్పుడప్పుడూ లేచి తిరగమంటే తిరిగినందుకా? ఎడమకాలు వదులై తన వాటా మోయడం మొదలుపెట్టిందా? మేకకాళ్లు ఆలస్యంగా పనిచేశాయా? ఆ అమ్మాయి చాలాసేపు ఆలోచించి, రెండుకాళ్లూ మీవే కదా సార్, ఇక రెంటితోనూ చేయండి అంది. నేను చూసినవాళ్లలో తెలియనిదాన్ని తెలియదని అంత మర్యాదగా చెప్పినవాళ్లు లేరు.

ఇంతకీ ఇంత పట్టుదల దేనికని ఆమె అప్పుడు అడిగింది. మామ గంప సంగతి చెప్పాడు. ఆమె తమిళంలో మళ్లీ అడిగి, నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "బుట్టలోనా? ఈమెనా?" అంది. నేను నెయ్యి గురించి ఆలోచించాను. వద్దనే అంది ముందు. మామ వాదించలేదు, బతిమాలలేదు, ఉత్తినే కూర్చుని నేలవైపు చూశాడు. అలా చూసేవాణ్ని కాదనడం కష్టం. చివరికి, హామీ ఇవ్వలేను గాని పద్ధతి చెప్తానంది. నడుం వంచి ఎత్తకూడదు. గొంతుక్కూర్చుని, గంపను గుండెకు హత్తుకుని, కాళ్ల బలంతో లేవాలి. లేచేటప్పుడు ఊపిరి వదలాలి. నడుం నుంచి కాలిలోకి నొప్పి జివ్వుమంటే అక్కడికక్కడే దించేయాలి, పరువు గిరువు చూసుకోకూడదు. దించిన వెంటనే, ఎక్కడ ఉన్నా సరే, రెండుకాళ్లూ సాగదీయాలి.

ఆ చివరి మాటను మామ దేవుడి ముందు ప్రమాణంలా తీసుకున్నాడు.

పెళ్లిదాకా గంప మామ ఇంట్లోనే ఉంది. ముందు అందులో బియ్యం పెట్టి ఎత్తాడు, కొంచెం కొంచెంగా పెంచుకుంటూ. తర్వాత అత్త కూర్చుంది. లేపి నాలుగడుగులు వేసేసరికి ఆమె గంపలోనే కళ్లు తుడుచుకుంటోంది. నొప్పేమోనని ఈయన కంగారుపడి దించేశాడు. "నాకేం నొప్పి? పెండ్లైనప్పటినుంచి నన్నెత్తింది ఇదే మొదటిసారి. దించద్దు, ఆ వీధి తట్టు తిప్పుకొని రా, ఆమె చూడాల" అంది పక్కింటి గోడవైపు చూపిస్తూ.

ముహూర్తం పొద్దున మండపంలో ఒక్క సంగతి అందరం గట్టిగా అనుకున్నాం. మామ నొప్పుల సంగతి పెళ్లికొడుకు వాళ్లకు తెలియకూడదు. నన్ను గంపలో కూర్చోబెట్టారు. పట్టుచీర, పూలజడ, నగలు, వీటన్నింటి బరువూ నేను ఇడ్లీలతో కలిపి లెక్కేసుకుంటున్నాను. మామ వచ్చి నా ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. విభూతి వాసన, దాని కింద నొప్పుల తైలం వాసన. గంపను హత్తుకున్నాడు. లేచాడు. నేల కిందికి పోయింది. గడప దగ్గరికి వచ్చాం. ఒక కాలు అవతల పెట్టాడు, రెండోకాలు పెట్టలేదు. ఆగిపోయాడు. మేళగాళ్లకు ఏం చేయాలో తోచక ఒకే ముక్కను తిప్పి తిప్పి వాయిస్తున్నారు. అవతల నాన్న చూపు మామ చిన్నాయన కొడుకు మీదికి వెళ్లింది, అతను ఒక అడుగు ముందుకు వేశాడు కూడా. మామ ముఖం నా ముఖానికి జానెడు దూరంలో ఎర్రగా ఉంది. నొప్పి వచ్చేసిందనుకున్నాను. దించెయ్ మామా అందామనుకున్నాను. మాట రాలేదు, ఎందుకంటే గంప ఎక్కినప్పటినుంచి నేను ఊపిరి బిగబట్టుకుని ఉన్నాను. అలా చేస్తే బరువు తగ్గుతుందని నా నమ్మకం.

"పాపా, మూచ్చు విడు" అన్నాడు నాకు మాత్రమే వినిపించేలా. "నువ్వు బిగబట్టుకుంటే నాకూ బిగబట్టుకుంటా ఉండాది."

నేను వదిలాను. ఆయనా వదిలాడు. రెండోకాలు గడప దాటింది. ఆ తర్వాత ఎన్ని చేతులు గంప మీద పడ్డాయో నేను చూడలేదు, కళ్లల్లో నీళ్లుంటే చేతులన్నీ ఒకేలా కనిపిస్తాయి.

వేదిక మీద నన్ను దించారు. అయ్యవారు మంత్రం అందుకున్నారు. మామ ఒక్క మెట్టు దిగి, ఇచ్చిన మాట ప్రకారం, నిండు మండపంలో, మడమ మెట్టు మీద పెట్టి వంగి "హూ..." అన్నాడు. ఆపైన కాలు మార్చి ఇంకోసారి. మేళం ఆగింది. పెళ్లికొడుకు తండ్రి, అంటే మా మామగారు, మా నాన్నవైపు తిరిగి, ఇదేమిటి బావగారూ అని అడిగారు. నాన్న జీవితంలో అబద్ధమాడని మనిషి, అందుకే తడుముకున్నాడు. చివరికి, "మా తట్టు ఆచారం" అన్నాడు. "మా అమ్మమ్మ పెండ్లిలో కూడా చేసినారు" అని అమ్మ వెంటనే తోడు పలికింది. నాకు ఈ విద్య ఎవరినుంచి వచ్చిందో అప్పుడు అర్థమైంది. మా మామగారు గంభీరంగా తలాడించి, తమవైపు ఇవన్నీ పోగొట్టుకున్నామని నొచ్చుకున్నారు. అది చూసి పెళ్లికొడుకు మేనమామ, తన వాటా మర్యాద ఎక్కడ తగ్గుతుందోనని, ధోవతి సర్దుకుని తనూ కాలు మెట్టు మీద పెట్టాడు. ఆయనకు బొత్తిగా వంగడం రాలేదు. మామ వెళ్లి వీపు నిమిరి, "మూచ్చు విడుంగ" అన్నాడు.

ఇదీ జరిగింది. ఆ తర్వాత మా రెండు వైపులా ఏ పెళ్లి జరిగినా, గంప దించిన మేనమామ కాలు మెట్టు మీద పెట్టడం మొదలైంది. పోయిన నెల నా పక్కన కూర్చున్న అమ్మాయికి ఇదే, ఇంతకంటే తక్కువ మాటల్లో చెప్పాను. ఆమె పడి పడి నవ్వి, "అంకుల్ ముందే చెప్పారు ఆంటీ, మీరు భలే అల్లుతారని" అంది. పుట్టి బుద్ధెరిగాక నేను ఒక్క నిజం చెప్తే దానికి దొరికిన గౌరవం అది. సరే, సాక్షిని పిలుద్దామని రెండు కుర్చీల అవతల కూర్చున్న మామను చూపించాను. ఇప్పుడాయనకు జుట్టంతా తెలుపు. మరిది వంగిన తీరు నచ్చక, "మోకాలు వంగింది, మోకాలు వంగింది" అని తనలో తను గొణుక్కుంటున్నాడు. ఆ అమ్మాయి వెళ్లి అడిగింది.

"అదా అమ్మా? అది మా తాతలకాలం నుంచీ ఉండాది" అన్నాడు మామ. "ఆడపిల్లని ఎత్తి దించినాక నేలకి దండం పెట్టాల. బరువు దిగిపోయిందని కాదు, మోసే భాగ్యం ఇచ్చినందుకు."

ఆ అమ్మాయి చేతులు జోడించింది. నేను మామ ముఖంలోకి చూశాను. కన్ను గీటుతాడేమోనని ఎదురుచూశాను. గీటలేదు. మరిచిపోయాడా, ఆట పట్టిస్తున్నాడా, లేక ఇన్ని పెళ్లిళ్లలో ఇంతమంది చేయగా చేయగా ఆయనకే అది నిజమైపోయిందా, నాకు ఇప్పటికీ తెలియదు. భోజనాలకు లేచేటప్పుడు ఆయన మోకాలు టక్‌మంది, వెనకే నాదీ టక్‌మంది. ఇద్దరం వేదిక మెట్టు దగ్గర ఆగాం. ఆయన ఒక చివర, నేను ఒక చివర మడమలు పెట్టి వంగాం. కుడికాలు పెట్టాలా ఎడమకాలు పెట్టాలా అని నేను తడబడుతుంటే, దూరంనుంచి మమ్మల్ని చూసిన ఆ అమ్మాయి లేచి నిలబడింది, భక్తిగా. నేను ఊపిరి వదిలాను. ఒక మనిషి నొప్పి అందరి ఆచారం కావడానికి యుగాలు పడుతుందనుకునేదాన్ని. ఒక్క పెళ్లికూతురు నడివయసుకు వచ్చేంత కాలం చాలు.